లాయరు దండగ అన్న మాట

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొనే ఆలోచన ఉందని నోరు విప్పితే చాలు, ఓక్‌ట్రీ రోడ్డు మీద టీ తాగుతూనో, ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజు విందులోనో, వాట్సాప్ గ్రూపులోనో సలహాలు మొదలవుతాయి. జేపీ స్టీవెన్స్ హైస్కూల్ పరిధిలో కొనాలా, ఎడిసన్ హైస్కూల్ వైపు కొంటే ఎంత కలిసొస్తుంది, ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ, ఏ రియల్టర్ కమిషన్‌లో ఎంత వెనక్కి ఇస్తారు అనే వాటి మీద గంటల తరబడి మాట్లాడతారు. లాయరు ఊసు వచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "లాయరు చేసేదేమీ ఉండదండీ, అంతా స్టాండర్డ్ కాంట్రాక్టే. మా రియల్టర్ గారే అన్నీ చూసుకున్నారు. ఎవరు తక్కువ తీసుకుంటే వాళ్లని పెట్టుకోండి."

ఈ మాట తప్పు. జీవితంలోకెల్లా పెద్ద కొనుగోలులో చట్టం మన చేతికిచ్చిన పట్టును మనంతట మనమే వదిలేసేలా చేసే తప్పు. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. తమ ఇల్లు సాఫీగా చేతికొచ్చింది కాబట్టి అందరికీ అలాగే వస్తుందని నమ్మి, మేలు కోరే చెబుతారు. అందుకే దీనికి వివరంగా జవాబు చెప్పాలి.

వాళ్ల మాటలో నిజమెంతో ముందు ఒప్పుకుందాం. న్యూజెర్సీలో ఇల్లు కొనడానికి లాయరు తప్పనిసరి కాదు. దక్షిణ న్యూజెర్సీలో లాయర్లు లేకుండానే, రియల్టర్లు, టైటిల్ కంపెనీల చేతుల మీదుగా క్లోజింగ్ ముగించుకునే ఆచారం చాలాకాలంగా ఉంది. లాయరు కానివాళ్లు లాయరు పని చేస్తున్నారా అనే ఈ వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. కావాలనుకున్నవాళ్లు లాయరు లేకుండా చేసుకోవచ్చని 1995లో కోర్టు తేల్చింది. లాయరు దండగ అనేవాళ్లు ఇంతవరకే చెప్పి ఆగిపోతారు. కోర్టు అక్కడ ఆగలేదు, షరతు పెట్టింది. కొనేవారూ అమ్మేవారూ సంతకం పెట్టేముందే రియల్టర్ ఒక నోటీసు వాళ్ల చేతికివ్వాలి. తాను న్యాయ సలహా ఇవ్వలేనని, టైటిల్ కంపెనీ ఎవరి తరఫునా పనిచేయదని, సొంత లాయరు ఉంటే తప్ప న్యాయ సలహా దొరకదని అందులో ఉండాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి కూడా ఆ నోటీసులోనే ఉంది. మూడు పనిరోజుల్లోగా మీ లాయరు రద్దు చేయకపోతే కాంట్రాక్టు ఖాయమైపోతుంది. లాయరు లేకపోతే అవతలి పక్షం ఒప్పుకుంటే తప్ప మీరు దాన్ని మార్చలేరు, రద్దు చేయలేరు.

ఈ చివరి సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. మూడు రోజుల గడువు ఉందని వింటారు. ఈలోపు మనమే కాంట్రాక్టు చదువుకుని, నచ్చకపోతే వద్దని చెప్పొచ్చని అనుకుంటారు. అలా కుదరదు. ఆ మూడు రోజుల హక్కును వాడగలిగేది లాయరు మాత్రమే. ఈ నోటీసు డాక్యుసైన్‌లో మిగతా పేజీలతో కలిసి ఫోనుకు వస్తుంది. అవతల ఇంకో నాలుగు ఆఫర్లున్నాయి, త్వరగా సంతకం పెట్టండని ఫోను మోగుతుంటుంది. మనం వేలితో పైకి జరిపి పసుపు గళ్లలో సంతకాలు చేసుకుంటూ పోతాం.

"స్టాండర్డ్ కాంట్రాక్టే కదా" అన్న వాదనకు జవాబు ఆ మూడు రోజుల పుట్టుకలోనే ఉంది. ఇక్కడ ఎక్కువగా వాడే ఫారం న్యూజెర్సీ రియల్టర్ల సంఘం తయారుచేసిన 118వ నంబరు ఫారం. కాంట్రాక్టు రాయడం లాయర్ల పని, రియల్టర్లు ఎలా రాస్తారని రాష్ట్ర బార్ అసోసియేషన్ రియల్టర్ల సంఘాలపై కోర్టుకెక్కింది. చివరికి రెండు పక్షాలూ రాజీకి వచ్చాయి, 1983లో సుప్రీంకోర్టు ఆ రాజీని ఆమోదించింది. ఒకటి నుంచి నాలుగు కుటుంబాలు ఉండే ఇళ్లకు రియల్టర్లు కాంట్రాక్టు నింపవచ్చు. అయితే లాయరు చూసి కాదనడానికి మూడు పనిరోజులు గడువిస్తున్నట్టు ఆ కాంట్రాక్టులో రాసి తీరాలి. లాయరు చూస్తాడన్న నమ్మకం మీదే రియల్టర్‌కు ఆ ఫారం నింపే అనుమతి దొరికింది. ఇప్పుడు మనవాళ్లు రియల్టర్ ఫారం ఉంది కాబట్టి లాయరు అక్కర్లేదంటున్నారు. అది ఆ రాజీని తలకిందులు చేయడమే.

రియల్టర్లను నేను తక్కువ చేయడం లేదు. ఏ వీధిలో ధర ఎంత పలుకుతుందో, ఏ ఆఫర్ నెగ్గుతుందో వాళ్లకు తెలిసినంతగా లాయర్లకు తెలియదు. మంచి రియల్టర్ చేసే పని విలువైనది. కానీ వాళ్లకు డబ్బు వచ్చేది క్లోజింగ్ జరిగితేనే. ఒప్పందం కుదిరినంత మాత్రాన కమిషన్ రాదని, అమ్మకం నిజంగా పూర్తయితేనే బ్రోకరుకు హక్కు పుడుతుందని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఈ ఇల్లు వద్దు, వదిలేయండి అనే సలహా రియల్టర్ నోటి నుంచి వచ్చిందంటే, ఆ మనిషి తన నెలల కష్టాన్ని వదులుకుని చెప్పినట్టు. అలా చెప్పగలిగిన నిజాయితీపరులు ఉన్నారు. అంత త్యాగాన్ని నమ్ముకుని ఎనిమిది లక్షల డాలర్ల నిర్ణయం తీసుకోవాలా? ఇల్లు కొన్నా మానుకున్నా తన రాబడిలో పెద్ద తేడా రాని మనిషి ఈ వ్యవహారంలో ఒక్కరైనా ఉండాలి. దాదాపు అలాంటి స్థానంలో ఉండేది లాయరు ఒక్కరే. మామూలు ఇంటి కొనుగోలుకు ఇక్కడ లాయరు తీసుకునేది సుమారు 1,500 నుంచి 2,500 డాలర్లు. ఎనిమిది లక్షల ఇంటికి రెండు వేలంటే పావు శాతం.

ఆ పావు శాతానికి ఏం వస్తుందో ఎడిసన్ ఇళ్ల మీదే చూద్దాం.

ఈ ఊళ్లో చాలా ఇళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో కట్టినవి. అప్పట్లో ఇల్లు వేడిచేసుకోవడానికి నూనె వాడేవారు, దాని ట్యాంకును తరచూ పెరట్లో పాతిపెట్టేవారు. తర్వాత గ్యాస్ వచ్చింది, ట్యాంకు భూమిలోనే ఉండిపోయింది. అది తుప్పుపట్టి కారితే మట్టిని శుభ్రం చేయించాల్సింది ఇంటి యజమాని. యజమాని తప్పు నిరూపించనక్కర్లేకుండానే బాధ్యత మోపే చట్టం ఇక్కడిది. ఇంటి బీమా చాలాసార్లు దీనికి వర్తించదు. ఖర్చు పదివేల డాలర్లలోకి, నీళ్లదాకా చేరితే ఇంకా పైకి పోతుంది. ట్యాంకు ఉందో లేదో పరికరంతో వెతికించడానికి అయ్యేది కొన్ని వందలు. ట్యాంకు దొరికితే ఎవరు తీయాలి, పాతకాలంలో తీసేసినట్టయితే టౌన్‌షిప్ కాగితం ఉందా, కారినట్టు తేలితే డిపాజిట్ వెనక్కి వస్తుందా అన్నవి ఆ మూడు రోజుల్లోనే కాంట్రాక్టులోకి ఎక్కాలి. ఇన్‌స్పెక్షన్ వదులుకుంటామని ఆఫర్‌లో గొప్పగా రాసి సంతకం పెట్టేశాక, పెరట్లో ఇనుము ఉందని తెలిసి ప్రయోజనం లేదు.

బేస్‌మెంట్ సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గరిది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారని కింద గది, బాత్రూమ్ వేయించుకున్న ఇళ్లు ఎన్నో. వాటిలో కొన్ని పర్మిట్ లేకుండా వేసినవి. పడకగదిగా వాడే చోట నిప్పు అంటుకుంటే బయటపడేంత కిటికీ ఉండాలన్న నియమం పాటించనివీ ఉన్నాయి. ప్రకటనలో "ఫినిష్డ్ బేస్‌మెంట్" అని చదివి మనం దానికీ కలిపి డబ్బు కడతాం. రేపు టౌన్‌షిప్ వాళ్లు చూసి పర్మిట్ ఏదంటే జవాబు చెప్పాల్సింది కొత్త యజమానే. గోడలు విప్పి వైరింగ్ చూపించమన్నా, తీసేయమన్నా ఖర్చు ఆయనదే. ఏ పర్మిట్లు తీసుకున్నారు, ఏవి తనిఖీ పూర్తికాక మిగిలిపోయాయి అన్నది ప్రభుత్వ రికార్డుల చట్టం కింద టౌన్‌షిప్‌ను అడిగి తెలుసుకోవచ్చు. అడగాలని గుర్తుచేసేది ఎవరు? నేను చూసినంతలో ఈ ఒక్క ప్రశ్న లాయరు ఫీజుకు ఎన్నో రెట్లు ఆదా చేస్తుంది.

భూమి కింద ఏముందో కాగితాల్లో చూడాలనడానికి ఈ ఊరికి సొంత చరిత్రే ఉంది. 1994 మార్చి 23 రాత్రి డరమ్ వుడ్స్ అపార్ట్‌మెంట్ల పక్కన 36 అంగుళాల సహజవాయువు గొట్టం పేలి ఎనిమిది భవనాలు కాలిపోయాయి. ఇలాంటి గొట్టాల మీద కంపెనీలకు దారి హక్కులు ఉంటాయి. ఆ హక్కు మీ పెరటి మీదుగా పోతే అక్కడ డెక్ కట్టలేకపోవచ్చు. అది టైటిల్ రిపోర్టులోనూ సర్వేలోనూ తెలుస్తుంది. కొన్ని వందలు మిగులుతాయని సర్వే మానేస్తే, సర్వేలో బయటపడాల్సిన సరిహద్దు తగాదాలను టైటిల్ బీమా కూడా మామూలుగా మినహాయిస్తుంది. బ్యాంకు ఎలాగూ టైటిల్ బీమా తీయిస్తుంది కదా అంటారు. బ్యాంకు తీయించేది బ్యాంకు కోసం. మీ కోసం ఉన్న పాలసీ వేరు, దాన్ని మీరే తీసుకోవాలి.

పేర్ల సంగతి కూడా ఉంది. న్యూజెర్సీలో కోర్టు డిక్రీ రాష్ట్రస్థాయి రికార్డుకెక్కితే, ఆ బాకీదారుకు రాష్ట్రంలో ఎక్కడ ఇల్లున్నా దాని మీద భారంగా నిలుస్తుంది. అందుకని టైటిల్ కంపెనీ పేరుతో వెతుకుతుంది. శ్రీనివాసరావు, వెంకటరెడ్డి వంటి పేర్లతో వెతికితే ఎవరి బాకీలో తేలుతాయి. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఇంకొకరి లైసెన్సులో చివర, మూడోచోట పొడి అక్షరం. ఆ మనిషి నేను కాదని ప్రమాణపత్రం రాసి, కాగితాలన్నిటా పేరు ఒకేలా ఉండేట్టు సరిచూసే పని లాయరు ఆఫీసుదే. అమ్మేటప్పుడు ఈ చిక్కు క్లోజింగ్ ముందురోజు బయటపడితే సామాన్లు ట్రక్కులో ఎక్కించిన కుటుంబాలు ఆగిపోవాల్సి వస్తుంది.

ఉద్యోగం సంగతి అన్నిటికంటే బాధపెట్టేది. హెచ్-1బి మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండి ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజుల దాకానే. ఫారంలో ఉండే లోన్ షరతు చెప్పిన తేదీలోగా బ్యాంకు ఒప్పుకోకపోతే డిపాజిట్ తిరిగి ఇవ్వాలంటుంది. బ్యాంకు ఒప్పుకుంది, తేదీ దాటింది, క్లోజింగ్‌కు రెండు వారాలుంది, ఈలోగా ఉద్యోగం పోయిందనుకోండి. బ్యాంకు వెనక్కి తగ్గుతుంది, కాంట్రాక్టు మాత్రం నిలిచే ఉంటుంది. ధరలో పది శాతం డిపాజిట్ కట్టి ఉంటే ఎనిమిది లక్షల ఇంటి మీద ఎనభై వేలు ప్రమాదంలో పడతాయి. క్లోజింగ్ లోపు కొనేవారి తప్పు లేకుండా ఉద్యోగం పోతే కాంట్రాక్టు రద్దై డిపాజిట్ వెనక్కి రావాలని ఒక వాక్యం చేర్చమని అడగొచ్చు. అమ్మేవారు ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగడానికి సమయం ఆ మూడు రోజులే. వీసా మీద బతికే మన కుటుంబాలకు ఇంతకంటే ముఖ్యమైన వాక్యం ఆ కాంట్రాక్టులో ఇంకోటి ఉండదు. అది ఏ స్టాండర్డ్ ఫారంలోనూ అచ్చై రాదు.

ఇక ఇల్లు ఎవరి పేరు మీద అన్న ప్రశ్న. హెచ్-4 మీద ఉన్న భార్యకు జీతం లేదు కాబట్టి లోన్‌లో ఆమె పేరు పెట్టరు. లోన్‌లో లేనివాళ్లు డీడ్‌లో ఉండకూడదని స్నేహితులెవరో చెబుతారు. భర్త ఒక్కడి పేరునే డీడ్ రాయిస్తారు. ఈ సలహా పూర్తిగా తప్పు. లోన్ వేరు, హక్కు వేరు. లోన్‌లో లేకపోయినా డీడ్‌లో ఆమె పేరు ఉండొచ్చు, వీసా దానికి అడ్డు కాదు. భార్యాభర్తలిద్దరి పేరునా డీడ్ ఉంటే, వేరుగా రాసుకోనంతవరకు న్యూజెర్సీ చట్టం దాన్ని దంపతుల విడదీయరాని ఉమ్మడి హక్కుగా చూస్తుంది. ఒకరు రెండోవారి సమ్మతి లేకుండా తన వాటా అమ్ముకోలేరు. ఒకరు పోతే ఇల్లు నేరుగా రెండోవారిది అవుతుంది. ఒక్కరి పేరునే ఉంటే కథ మారుతుంది. విల్లు రాయకుండా, పిల్లలు లేకుండా భర్త పోతే, అతని తల్లిదండ్రులు బతికి ఉంటే, ఆస్తిలో ఒక భాగం వాళ్లకు వెళ్తుంది. దుఃఖంలో ఉన్న కోడలు, ఊళ్లో ఉన్న అత్తమామలు ఇక్కడి వారసత్వ కోర్టు కాగితాల మీద ఎదురుబొదురుగా నిలబడాలి.

ఇంకో సంగతి అమ్మేటప్పుడు బయటపడుతుంది. 1980 మే 28 తర్వాత కొన్న ఇంట్లో, దంపతులు కాపురం ఉన్న ప్రధాన నివాసమైతే, డీడ్‌లో పేరు లేని జీవిత భాగస్వామికి కూడా అందులో కలిసి ఉండే హక్కును ఈ రాష్ట్ర చట్టం ఇచ్చింది. ఆమె సంతకం లేకుండా అమ్మకం సాగదు. ఆమె హైదరాబాదులో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, దాన్ని చట్టబద్ధంగా ధ్రువీకరించాలి, అసలు కాగితం ఇక్కడికి చేరి మిడిల్‌సెక్స్ కౌంటీ రికార్డుకెక్కాలి. తమ్ముడితోనో స్నేహితుడితోనో కలిసి కొంటే నియమం మళ్లీ వేరు. ప్రత్యేకంగా రాసుకోకపోతే ఎవరి వాటా వారి వారసులకే. ఇవన్నీ డీడ్‌లో ఒక్క వరుస ఎలా రాశారన్నదాన్ని బట్టి ఉంటాయి. ఆ వరుస ఎలా ఉండాలో రియల్టర్ చెప్పకూడదు, స్నేహితులు చెప్పలేరు.

స్నేహితుల సలహాకు ఇంకో లోపం ఉంది, అది వాళ్లు ఇల్లు కొన్న ఏడాది దగ్గరే ఆగిపోతుంది. మిలియన్ దాటిన ఇంటికి కొనేవారే ఒక శాతం అదనపు రుసుము కట్టాలని ఇప్పటికీ చెబుతున్నారు. 2004 నుంచి అది నిజంగానే ఉండేది. 2025 జూలై 10 నుంచి ఆ భారం అమ్మేవారి మీదికి మారింది, రెండు మిలియన్లు దాటితే శాతమూ పెరుగుతుంది. ఉత్తర ఎడిసన్‌లో కొత్తగా కట్టిన పెద్ద ఇళ్లు మిలియన్ దాటడం వింతేమీ కాదు. 10,05,000కు అమ్మినవారు 10,050 కట్టాలి, సరిగ్గా పది లక్షలకు అమ్మినవారికి ఆ రుసుము లేదు. ఎక్కువ ధరకు అమ్మి తక్కువ చేతికి తెచ్చుకోవడమన్నమాట. హెచ్-1బి వాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ వస్తుందన్న సలహా కూడా పాతబడింది, 2025 మే చివరి నుంచి అది శాశ్వత నివాసులకూ పౌరులకూ పరిమితం. కొనేవారికి రియల్టర్ ఉచితం అన్న మాటా అంతే. 2024 ఆగస్టు నుంచి ఇల్లు చూపించేముందే ఫీజు ఎంతో రాసి సంతకం చేయాలి. ఆ కాగితంలో, అమ్మేవారు ఇవ్వకపోతే మిగతాది మీరు కట్టాలని ఉందో లేదో చదివారా? ఐడా తుఫాను 2021 సెప్టెంబరులో న్యూజెర్సీని ముంచెత్తాక వచ్చిన చట్టం ప్రకారం, 2024 మార్చి నుంచి అమ్మేవారు వరద సంగతులు రాసివ్వాలి. అంతకుముందు కొన్నవారికి ఆ కాగితం ఉంటుందనే తెలియదు.

అమ్మకం దగ్గర "ఎగ్జిట్ టాక్స్" అనే భయం ఒకటి తిరుగుతోంది. న్యూజెర్సీ వదిలి టెక్సాస్ వెళ్తే రాష్ట్రం రెండు శాతం లాగేసుకుంటుందని. అలాంటి పన్ను లేదు. ఉన్నదల్లా, రాష్ట్రంలో నివాసం లేనివారు ఇక్కడి ఆస్తి అమ్మితే లాభం మీద ముందస్తుగా జమచేయించుకునే ఆదాయపు పన్ను. అది కనీసం అమ్మకం ధరలో రెండు శాతం. రిటర్ను వేశాక ఎక్కువైంది వెనక్కి వస్తుంది. అమ్మేది తాము ఉంటున్న సొంత నివాసమైతే తగిన ధ్రువపత్రం మీద సంతకం చేస్తే ఆ జమ కూడా అక్కర్లేదు. ఈ భయంతో ఇల్లు అమ్మకం వాయిదా వేసుకున్నవారు, కట్టక్కర్లేనిది కట్టినవారు మన మధ్యే ఉన్నారు.

దీనికి ఎదురుగా, భయపడాల్సిన చోట భయపడరు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయి, ఇక్కడి పన్ను చట్టం కింద విదేశీయుడిగా లెక్కకొచ్చే యజమాని నుంచి ఇల్లు కొంటే, ధరలో 15 శాతం ఆపి ఐఆర్‌ఎస్‌కు పంపే బాధ్యత కొనేవారిది. కొనేవారు తామే నివసించే ఇళ్లకు, ధరను బట్టి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆపాల్సింది ఆపకపోతే ప్రభుత్వం కొనేవారినే అడుగుతుంది. ఎడిసన్‌లో ఇలాంటి అమ్మకాలు మనవాళ్లకూ మనవాళ్లకూ మధ్యే జరుగుతుంటాయి. "మన ఊరివాళ్లే, రియల్టర్ కూడా ఎందుకు, ఫారం దింపుకుని రాసుకుందాం" అంటారు. ఆ మూడు రోజుల గడువు రియల్టర్ నింపిన కాంట్రాక్టులో తప్పనిసరి. మీరిద్దరే రాసుకున్నదాంట్లో మీరు పెట్టుకుంటే తప్ప ఉండదు. ఊరివాళ్లన్న నమ్మకంతో ఉన్న ఒక్క రక్షణనూ పోగొట్టుకున్నట్టవుతుంది.

వింతగా తోచేదేమంటే, ఇదే మనుషులు షాద్‌నగర్ దగ్గర రెండు వందల గజాల ప్లాటు కొనాలంటే ఎంత జాగ్రత్తపడతారో! లింక్ డాక్యుమెంట్లు అడుగుతారు, ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు, అన్నీ వకీలు చేతికిచ్చి లీగల్ ఒపీనియన్ రాయించుకుంటారు. జీపీఏ మీద కొంటే హక్కు రాదని 2011లో భారత సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ చాలామందికి తెలుసు. అక్కడ మోసం ఉంటుంది, ఇక్కడ ఉండదని సమాధానం చెబుతారు. ఇక్కడ మోసం తక్కువే కావచ్చు. కానీ పైన చెప్పినవాటిలో మోసం ఏది? పెరట్లో ట్యాంకు మోసం కాదు, పోయిన ఉద్యోగం మోసం కాదు, భార్య పేరు లేని డీడ్ మోసం కాదు. అన్నీ చట్టబద్ధంగానే జరుగుతాయి, చట్టబద్ధంగానే నష్టం వస్తుంది. మోసం అనాల్సిందైతే ఒకటుంది. క్లోజింగ్ ముందు, డబ్బు పంపాల్సిన ఖాతా మారిందంటూ దొంగ ఈమెయిల్ వస్తుంది. నమ్మి పంపితే తిరిగి రావడం కష్టం. ఏ ఈమెయిల్ వచ్చినా, ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడిగాకే పంపాలి.

లాయర్లు డీల్ చెడగొడతారు, ఉత్తరాలతో సాగదీస్తే అమ్మేవాడు ఇంకొకరికి ఇచ్చేస్తాడు అన్న వాదన బలమైనదే. ఆ మూడు రోజుల లాయరు రివ్యూ ముగిసేదాకా అమ్మేవారికి కూడా తప్పుకునే వీలుంది, అలా ఇల్లు జారిపోయినవారున్నారు. ఒక లాయరు మార్పులు కోరుతూ కాంట్రాక్టును కాదంటే, రెండు పక్షాలూ ఒప్పుకునేదాకా రివ్యూ తెరిచే ఉంటుంది. మూడు రోజులు మూడు వారాలు కావచ్చు. ఇందుకు విరుగుడు లాయరును మానుకోవడం కాదు, త్వరగా పనిచేసే లాయరును ముందే పెట్టుకోవడం. తిరస్కరణ నోటీసును ఈమెయిల్, ఫ్యాక్స్ ద్వారా పంపినా చెల్లుతుందని 2017లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కాబట్టి పోస్టు కోసం ఆగే పని కూడా లేదు.

లాయర్లందరూ ఒకటే కారన్నదీ నిజం. నెలకు లెక్కలేనన్ని క్లోజింగులు ఒప్పుకుని, పనంతా సహాయకులకు వదిలి, క్లయింటుతో ఒక్కసారి కూడా మాట్లాడని ఆఫీసులున్నాయి. "ఎవరు తక్కువ తీసుకుంటే వాళ్లు" అని వెతికితే దొరికేవి అవే. ఆ తర్వాత లాయరు ఏమీ చెయ్యలేదని చెప్పేదీ మనమే. రియల్టర్ చెప్పిన లాయరు చెడ్డవాడు కానక్కర్లేదు. కానీ ఆ లాయరుకు వచ్చే పనిలో పెద్దపాలు ఆ రియల్టర్ నుంచే వస్తుంటే, ఈ ఇల్లు వదిలేయండి అని మీతో అనడం ఆయనకూ కష్టమే. లాయరును మీరే వెతుక్కోండి. కాంట్రాక్టు స్వయంగా మీరే చదువుతారా, నా ఫోన్ ఎవరు ఎత్తుతారు, ట్యాంకు, పర్మిట్లు, ఉద్యోగం షరతు అడుగుతారా అని ముందే అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే మనిషిని పెట్టుకోకండి.

సంక్రాంతి వేడుకలకు హాళ్లు నింపుతున్నాం, వీసా మీద, పన్నుల మీద సదస్సులు పెడుతున్నాం. ఇల్లు కొనేవారి కోసం ఒక సాయంత్రం కేటాయించి, రియల్టర్లు, బ్యాంకులవాళ్లు ప్రాయోజకులుగా లేకుండా, లాయర్లను పిలిచి ప్రశ్నలు అడిగించే తెలుగు సంఘం ఎడిసన్‌లో ఒకటైనా ఉండాలి. ఇల్లు కొనేసినవారు కూడా ఇంకొకరికి సలహా ఇచ్చేటప్పుడు, తమ లాయరు ఎంత తీసుకున్నారన్నదానితో పాటు ఏమేం అడిగారో చెప్పాలి.

కొనబోయేవారు ఆఫర్ పెట్టకముందే లాయరుతో మాట్లాడి పెట్టుకోవాలి. శుక్రవారం రాత్రి రెండు పక్షాల సంతకాలైన కాంట్రాక్టు చేతికొస్తే శని, ఆదివారాలు లెక్కలోకి రావు. సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. శుక్రవారం రాత్రే ఆ కాగితం లాయరు ఈమెయిల్‌కు వెళ్తే, సోమవారం ఉదయానికి ఆయన దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి.